బైలాలు మార్చే అధికారం: సభ్యులకా, బోర్డుకా?

ఒక అపార్ట్‌మెంట్ సంఘానికి నేను రెండేళ్లు కార్యదర్శిగా పనిచేశాను. సమావేశ నోటీసు ప్రతి సభ్యుడికీ తపాలాలోనే పంపాలని మా బైలాలో, అంటే సంఘం తనకు తాను రాసుకున్న నియమాల్లో, ఉండేది. ఒకే లిఫ్టులో ఎక్కి దిగే మనుషులకు తపాలా! దాన్ని ఈమెయిల్‌గా మారుద్దామని మూడుసార్లు సర్వసభ్య సమావేశం పిలిచాం. మూడుసార్లూ కోరం, అంటే సమావేశం చెల్లడానికి కావలసిన కనీస హాజరు, లేదు. బైలాలు మార్చే అధికారమేదో కార్యవర్గానికే ఇచ్చేస్తే పీడ వదులుతుంది కదా అని అప్పట్లో గట్టిగా వాదించాను. తర్వాత ఒక టెన్నిస్ కేసు చదివి ఆ వాదన మానుకున్నాను.

పురుషుల టెన్నిస్ టూర్‌ను నడిపే ఏటీపీ అమెరికాలోని డెలావేర్ రాష్ట్రంలో నమోదైన సభ్యత్వ సంస్థ. అందులో వాటాలుండవు, సభ్యులే ఉంటారు. బైలాలు సవరించే అధికారాన్ని దాని స్థాపక పత్రం బోర్డుకు ఇచ్చింది. జర్మనీ టెన్నిస్ సమాఖ్య 1990ల తొలినాళ్లలో చేరుతూ, ఎప్పటికప్పుడు సవరించే బైలాలకు కట్టుబడి ఉంటామని ఒప్పుకుంది. అలాంటి వాక్యాన్ని చదవకుండా సంతకం పెట్టనివాళ్లు మనలో ఎందరు? 2006లో బోర్డు కొత్త బైలా ఒకటి చేర్చింది. సంస్థ మీద దావా వేసిన సభ్యుడు తాను కోరినదాన్ని చాలావరకు గెలవలేకపోతే సంస్థ కోర్టు ఖర్చులన్నీ అతనే భరించాలి. మరుసటి ఏడాది జర్మనీ, ఖతార్ సమాఖ్యలకు చెందిన హాంబర్గ్ టోర్నమెంట్ స్థాయిని తగ్గించారు. ఆ రెండు సమాఖ్యలూ దావా వేసి ఓడిపోయాయి. ఏటీపీ అడిగిన ఖర్చులు సుమారు 1 కోటి 80 లక్షల డాలర్లు.

ఇలాంటి బైలా దానంతట అది చెల్లనిది కాదని, అంతకుముందే చేరిన సభ్యులకూ వర్తించగలదని 2014లో డెలావేర్ సుప్రీంకోర్టు చెప్పింది. దురుద్దేశంతో చేసి ఉంటే మాత్రం అమలు చేయబోమని ఒక కిటికీ తెరిచి ఉంచింది. వాటాలున్న కంపెనీల్లో వాటాదారుల మీద ఇలాంటి భారం మోపకుండా 2015లో అక్కడి శాసనసభ చట్టం మార్చింది. సభ్యత్వ సంస్థలకు ఆ రక్షణ ఇవ్వలేదు. అమెరికాలోని మన తెలుగు సంఘాలూ వాటాలు లేని సంస్థలే. వాటి బైలాలు ఎవరు మార్చగలరో ఏ రాష్ట్రంలో నమోదయ్యాయో, స్థాపక పత్రంలో ఏం రాసుకున్నారో చూస్తే గాని తెలియదు. చందా కట్టేముందు ఆ ఒక్క పేజీ అడిగి చదవడం మంచిది.

మన కంపెనీల దారి దీనికి పూర్తిగా ఎదురు. 2013 కంపెనీల చట్టం 14వ సెక్షన్ ప్రకారం కంపెనీ నియమావళి (ఆర్టికల్స్, మనదగ్గర బైలాల పని చేసేది ఇదే) మారాలంటే వాటాదారుల ప్రత్యేక తీర్మానం కావాలి. వ్యతిరేకంగా పడిన ఓట్లకు కనీసం మూడు రెట్లు అనుకూలంగా పడాలి. బోర్డు ముసాయిదా రాసి సమావేశం పిలవగలదు, అంతవరకే. వినడానికి ప్రజాస్వామ్యం పరిఢవిల్లుతున్నట్టే ఉంటుంది. కానీ స్టాక్ మార్కెట్‌లో లిస్టయిన కంపెనీలో ప్రమోటర్లు, అంటే కంపెనీని తమ అదుపులో ఉంచుకున్నవాళ్లు, 75 శాతం దాకా వాటా ఉంచుకోవచ్చు. 75 అంటే 25కు సరిగ్గా మూడు రెట్లు. మిగతా వాటాదారులంతా ఒక్కటై వద్దన్నా తీర్మానం నెగ్గుతుంది. అధికారం సభ్యుల చేతిలో ఉందంటే చిన్న సభ్యుడి చేతిలో ఉందని కాదు.

ఇక డెలావేర్‌లోని వాటా కంపెనీలు. అమెరికా ఐటీ కంపెనీల షేర్లు జీతంలో భాగంగా అందుకునే తెలుగువాళ్లలో చాలామంది ఈ కోవకే వస్తారు. అక్కడ స్థాపక పత్రం ద్వారా బోర్డుకు అధికారం ఇవ్వవచ్చు, అయినా వాటాదారుల అధికారం పోదు. ఇద్దరికీ కలం ఉంటుంది. బోర్డు బైలా మార్చగలదని తెలిసే షేరు కొన్నారు కదా అన్న తర్కంతో 2013లో చెవ్రాన్ కేసులో కంపెనీ వివాదాలు చూసే డెలావేర్ ఛాన్సరీ కోర్టు బోర్డు చేసిన బైలాను నిలబెట్టింది. షేరు నచ్చకపోతే అమ్ముకుని పోవచ్చు కాబట్టి ఆ తర్కంలో కొంత బలం ఉంది. బోర్డు మరీ హద్దు దాటితే కోర్టు ఊరుకోదు కూడా. 1971లో క్రిస్‌క్రాఫ్ట్ కంపెనీ బోర్డు, తమను దించాలని చూస్తున్న వాటాదారులకు వ్యవధి దొరక్కుండా బైలా సవరించి మరుసటి జనవరిలో జరగాల్సిన వార్షిక సమావేశాన్ని ఆ డిసెంబరులోనే పెట్టేసింది. చట్టం అడ్డు చెప్పనంత మాత్రాన అన్యాయం చెల్లదంటూ కోర్టు దాన్ని కొట్టేసింది. కాకపోతే ఈ న్యాయం దక్కాలంటే వకీలు కావాలి, డబ్బు కావాలి, ఓపిక కావాలి. పైగా వాటాదారులు రాసిన బైలాను బోర్డు మళ్లీ తుడిచేసే వీలుంది. డైరెక్టరు గెలవడానికి ఎన్ని ఓట్లు కావాలో వాటాదారులే బైలాగా రాస్తే మాత్రం బోర్డు దాన్ని ముట్టుకోకూడదని 2006లో చట్టమే తాళం వేసింది. ఆ తాళం మరికొన్ని తలుపులకూ వేసి ఉండాల్సిందని నా అభిప్రాయం.

నాకు నచ్చింది కెనడా సమాఖ్య కంపెనీల చట్టంలోని 103వ సెక్షన్. అక్కడ స్థాపక పత్రంలోనో బైలాల్లోనో వేరుగా రాసుకోకపోతే, డైరెక్టర్లు బైలాను సవరించిన రోజు నుంచే అది అమల్లోకి వస్తుంది. కానీ తర్వాతి వాటాదారుల సమావేశం ముందు పెట్టి తీరాలి. అక్కడ తిరస్కరించినా, అసలు పెట్టకపోయినా అది రద్దవుతుంది. అదే విషయాన్ని మాటలు మార్చి మళ్లీ తెస్తే, సభ్యులు ఆమోదించేదాకా దానికి విలువ లేదు. తపాలాను ఈమెయిల్ చేసుకోవడానికి మూడు సమావేశాలు అక్కర్లేదు, ఏటీపీ తరహా బైలా సభ్యుల కంట పడకుండా దాటిపోనూ లేదు.

షేర్లు అమ్ముకుని తప్పుకోగల పెద్ద కంపెనీకి డెలావేర్ పద్ధతి నడుస్తుంది. బైలా నచ్చలేదని ఫ్లాటు అమ్ముకోలేం, సొంత సంఘాన్ని వదులుకోలేం. అలాంటిచోట కెనడా పద్ధతే మేలు, చట్టం ఒప్పుకున్నంత మేరకు. అప్పుడు కూడా ఓటు హక్కు, చందా మొత్తం, కార్యవర్గ పదవీకాలం, కోర్టుకెళ్లే హక్కు, ఈ నాలుగింటి జోలికి కార్యవర్గం తాత్కాలికంగానైనా పోకూడదు.

చిక్కు కోరం దగ్గరే వస్తుంది. తర్వాతి సమావేశానికి జనం రాకపోతే మంచి సవరణ కూడా చచ్చిపోతుంది. మన కంపెనీల చట్టంలో దీనికి మందుంది. కోరం లేక వాయిదా పడిన సమావేశం సాధారణంగా వారం తర్వాత అదే సమయానికి, అదే చోట జరుగుతుంది. అప్పుడూ అరగంటలో కోరం నిండకపోతే వచ్చినవాళ్లే కోరం. మా బైలాలో ఆ ఒక్క వాక్యం ఉండి ఉంటే తపాలా బిళ్లల ఖర్చు మిగిలేది.