పోచంపల్లి కట్ పీసుల పేరుతో అచ్చు గుడ్డ: సంచులు, పసిపిల్లల బూట్లు కుట్టేవారికి హెచ్చరిక

నల్లగొండ, భువనగిరి, సూర్యాపేట, మహబూబ్‌నగర్ వైపు ఇంట్లోనే మిషన్ మీద చేతిసంచులు, పసిపిల్లల గుడ్డ బూట్లు కుట్టి శుభకార్యాలకు కానుకగా ఇచ్చే వారందరూ దయచేసి ఇది పూర్తిగా చదవండి. "పోచంపల్లి ఇక్కత్ చేనేత కట్ పీసులు, కిలో లెక్కన" అని ఫోన్లలో ప్రకటన ఇచ్చి, కట్టలో పైన నాలుగు అసలు ముక్కలు పేర్చి, కింద అంతా అచ్చు వేసిన మిల్లు గుడ్డ నింపి పంపే అమ్మకందారు ఒకరి చేతిలో నేను మోసపోయాను. పోయిన డబ్బు పెద్దది కాదు. ఆ గుడ్డ తడి తగిలితే చాలు రంగు వదులుతోంది, దానితో కుట్టిన బూటును పసిబిడ్డ నోట్లో పెట్టుకుంటుంది అన్నదే నన్ను ఇది రాయించింది.

మా అక్క కూతురికి కొడుకు పుట్టాడు. తొట్టెల నాటికి బాబుకు బూట్లు, వచ్చిన ఆడవారికి జాకెట్ ముక్క, పసుపు కుంకుమ పెట్టి ఇవ్వడానికి చిన్న సంచులు కుట్టి ఇస్తానని చెప్పాను. ఇలాంటి పనికి కట్ పీసులే అనువుగా ఉంటాయి. బూట్ల జతకు జానెడు గుడ్డ సరిపోతుంది, చిన్న సంచికి అర మీటరు కూడా పట్టదు, పైగా రకరకాల రంగులు దొరుకుతాయి. కట్ పీసుల వ్యాపారంలో తప్పేమీ లేదు. తానులో మిగిలిన కొసలు, దర్జీల దగ్గర మిగిలిన ముక్కలు మన ప్రాంతంలో ఎప్పటినుంచో అమ్ముడవుతూనే ఉన్నాయి. డబ్బు పంపే ముందు ఆ అమ్మకందారును, ఇది మగ్గం గుడ్డేనా, పూర్తి నూలేనా, పసిపిల్లల బూట్లకు పనికివస్తుందా అని రాతపూర్వకంగానే అడిగాను. మూడింటికీ అవుననే రాసి పంపారు. ఆ సందేశాలు ఇప్పటికీ నా దగ్గర ఉన్నాయి.

కట్ట విప్పగానే పైన ఉన్న ముక్కలు చూసి ఎవరైనా సంతోషిస్తారు, ఎందుకంటే అవి నిజంగా చిటికి పని (దారానికి కట్లు కట్టి రంగు వేసే ఇక్కత్ పని) చేసిన గుడ్డలే. వాటి కింద ఉన్నవాటిని తిరగేస్తే వెనకవైపు పాలిపోయి ఉంది. కొన్ని ముక్కలు చేతికి జారుడుగా, ఇస్త్రీ పెట్టె తగలగానే ముడుచుకునేలా ఉన్నాయి. కుట్టబోయే గుడ్డను ముందే తడిపి ఆరబెట్టడం నా అలవాటు కనుక ఎర్రవి, నీలివి విడివిడిగా నానబెట్టాను. ఎర్ర ముక్కల నీళ్లు పారబోసి మళ్లీ మళ్లీ మార్చినా రంగు దిగడం ఆగలేదు. ఆరిన తరువాత తెల్లని తడి గుడ్డతో రుద్దితే ఆ మరక మళ్లీ అంటుకుంది.

అమ్మకందారుకు ఫొటోలు పంపితే వచ్చిన జవాబులు మీకూ ఎదురవుతాయి, అందుకే రాస్తున్నాను. చేనేతలో రంగు పోవడం సహజమన్నారు. రాత్రంతా ఉప్పు నీళ్లలో నానబెట్టమన్నారు. చివరికి తడిపిన గుడ్డను తాము వాపసు తీసుకోబోమని, కట్ట విప్పుతున్నప్పుడు వీడియో తీయలేదు కనుక అసలు ఫిర్యాదే చెల్లదని తేల్చేశారు. తడపకుండా రంగు సంగతి తెలియదు, తడిపితే వాపసు లేదు! మొదటి మాటలో సగం నిజం ఉంది: మంచి మగ్గం గుడ్డ కూడా తొలి ఉతుకులో పైపై రంగు కొంత వదులుతుంది, అయితే రెండు మూడు ఉతుకులకు నీళ్లు తేటపడతాయి. ఉప్పు మాట మాత్రం నమ్మకండి. రంగు వేసేటప్పుడు తొట్టిలో ఉప్పు వాడతారన్నది నిజమే గాని, సరిగా పట్టని రంగును ఆ తరువాత ఉప్పుగాని వెనిగర్‌గాని నూలుకు అతికించలేవు.

ఇప్పుడు అసలుదాన్ని గుర్తుపట్టే విధానం. ఇక్కత్‌లో రంగు గుడ్డకు కాదు, దారానికి వేస్తారు. దారాన్ని ముందుగా కొలిచి, రంగు అంటకూడని చోట బిగించి కట్టి, రంగులో ముంచి, విప్పి, మరో రంగు కోసం మళ్లీ కట్టి, అంతా అయ్యాకే మగ్గం ఎక్కిస్తారు. అందువల్ల రంగు దారం లోపలిదాకా ఉంటుంది, గుడ్డ రెండు వైపులా దాదాపు ఒకేలా కనిపిస్తుంది, పువ్వుల అంచులు గీత గీసినట్టు కాకుండా కొద్దిగా చెదిరి ఉంటాయి. అయితే చెదిరిన అంచును చూసి మాత్రమే నిర్ణయానికి రావద్దు, ఎందుకంటే అచ్చు వేసేవారు ఆ చెదురును కూడా ఫొటో తీసి యథాతథంగా అచ్చు వేస్తున్నారు. పల్చటి గుడ్డ మీద రంగు వెనక్కి దిగుతుంది కనుక రెండు వైపుల పరీక్ష కూడా ఒక్కోసారి తప్పుతుంది. దారం లాగి చూడటమే నిలబడే పరీక్ష. ముక్క అంచు నుంచి పడుగు (నిలువు) దారం ఒకటి, పేక (అడ్డ) దారం ఒకటి బయటికి లాగండి. ఇక్కత్ అయితే వాటిలో కనీసం ఒక దానిలో ఇంత పొడవు ఎరుపు, ఇంత పొడవు తెలుపు అన్నట్టు రంగులు మారుతూ ఉంటాయి, దారాన్ని వేళ్ల మధ్య తిప్పినా చుట్టూ అదే రంగు కనబడుతుంది. అచ్చు గుడ్డ దారంలో ఒక పక్కన రంగు, మరో పక్కన తెలుపు ఉంటాయి. రెండో దారం కప్పిన చోటల్లా చిన్న చిన్న తెల్లని చుక్కలు మిగిలిపోతాయి. అంచు వెంబడి సూది గుచ్చినట్టు కనిపించే రంధ్రాలే చేనేతకు రుజువని కొందరు అంటారు గాని, మరమగ్గాల గుడ్డలోనూ అలాంటివి పడతాయి కనుక వాటిని లెక్కలోకి తీసుకోవద్దు.

ఫోన్లో కొనేవారు ఈ పరీక్షను డబ్బు పంపకముందే అడగాలి. కట్ట అడుగున ఉన్న ముక్కను తీసి, దాన్ని తిరగేసి, అంచు దారం లాగి చూపిస్తూ వీడియో కాల్‌లో కనబడమనండి. నిజాయితీ గల అమ్మకందారు రెండు నిమిషాల్లో చూపిస్తారు. పనుల ఒత్తిడి అనీ స్టాకు గోదాములో ఉందనీ సాకులు మొదలైతే అక్కడే ఆగిపోవడం మంచిది.

ధర కూడా ఒక ఆనవాలే, కాకపోతే కిలో లెక్క ఆ ధరను కనబడనివ్వదు. మధ్యరకం నూలు గుడ్డ 44 అంగుళాల పన్నా అయితే కిలోకు సుమారు ఆరేడు మీటర్లు తూగుతుంది. వాళ్లు చెప్పిన కిలో ధరను ఆ మీటర్లతో భాగించి చూడండి. అది మీ ఊరి బట్టల దుకాణంలో సాదా మిల్లు గుడ్డ ధరకన్నా తక్కువైతే, చిటికి కట్టిన చేతికి, మగ్గం నేసిన చేతికి కూలి ఎక్కడినుంచి వచ్చిందని అడగండి. చిటికి కట్టడానికి ముందు దారాన్ని ఆసు పోయడం, అంటే మేకుల చుట్టూ అటూ ఇటూ తిప్పి చుట్టడం ఒక్కటే ఎంత కష్టమంటే, రోజంతా వేలసార్లు చేయి ఆడించే తల్లి బాధ చూడలేక ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం గారు లక్ష్మీ ఆసు యంత్రాన్ని తయారు చేశారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఇంత పని ఉన్న గుడ్డ చిత్తు ధరకు కట్టలు కట్టలుగా రాదు. పోచంపల్లి ఇక్కత్‌కు, పుట్టపాకలో నేసే తేలియా రుమాలు అనే ఇక్కత్ గుడ్డకు భౌగోళిక గుర్తింపు (జీఐ) ఉంది, అంటే ఆ ప్రాంతంలో ఆ పద్ధతిలో చేసిన సరుకుకే ఆ పేరు చెల్లుతుంది. 1999 నాటి భౌగోళిక సూచికల చట్టం ప్రకారం ఆ పేరును వేరే సరుకుకు తగిలించడం జైలు శిక్ష పడదగిన నేరం. ప్రకటనలో "పోచంపల్లి డిజైన్" అనో "ఇక్కత్ ప్రింట్" అనో చిన్న అక్షరాల్లో రాసి తప్పించుకునేవారూ ఉన్నారు, చివరి పంక్తి దాకా చదవండి.

సంచుల సంగతి త్వరగా చెప్పి ముగిస్తాను. సంచికి అచ్చు గుడ్డ వాడినా ప్రాణం మీదికి రాదు, కానీ లోపల లేతరంగు అస్తరు వేస్తే వానకు తడిసిన రోజే అది పాడవుతుంది, అందులో పెట్టిన జాకెట్ ముక్కకూ మరక అంటుతుంది. గుడ్డ, ఫోమ్, అస్తరు కలిపి పట్టీ దగ్గర మందం పెరుగుతుంది కనుక 16వ నంబరు సూది వాడండి. పాలిస్టర్ కలిసిన గుడ్డకు ఇస్త్రీతో అతికించే బక్రం వేయబోతే, బక్రం అంటుకునే వేడికి ఆ గుడ్డ ముడుచుకుపోతుంది. అనుమానం ఉంటే అంగుళం ముక్కను స్టీలు పళ్లెంలో, పిల్లలు దగ్గర లేనప్పుడు, పటకారతో పట్టుకుని కాల్చి చూడండి: నూలు కాగితం వాసనతో కాలి వేలికి నలిగే బూడిద అవుతుంది, పాలిస్టర్ కరిగి గట్టి పూసలా మిగులుతుంది.

బూట్ల విషయంలో మాత్రం ఏ చిన్న అనుమానాన్నీ వదిలేయకూడదు. నాలుగైదు నెలల బిడ్డ కాలు పట్టుకుని వేలితో సహా బూటును నోట్లో పెట్టుకోవడం మీరందరూ చూసినదే. కాళ్లకు చెమట పడుతుంది, ఉమ్మి తగులుతుంది, గంటల తరబడి గుడ్డ తడిగా చర్మానికి ఆనుకుని ఉంటుంది. మన దేశంలో అజో రంగులు అనే రసాయన రంగుల్లో హానికరమైన 112 రకాల వాడకాన్ని 1990లలోనే నిషేధించారు. బిల్లు, చిరునామా లేని కట్టలో వచ్చిన అచ్చు గుడ్డకు ఏ రంగు వాడారో చెప్పే నాథుడే ఉండడు. అందుకే పైగుడ్డకైనా అస్తరుకైనా ముందుగా పరీక్ష చేయండి. రెండు వేళ్ల వెడల్పు ముక్కను గోరువెచ్చని నీటితో తడిపి, తెల్లని నూలు గుడ్డ మడతలో పెట్టి, పైన బరువు ఉంచి రాత్రంతా వదిలేయండి. ఉదయానికి తెల్ల గుడ్డ మీద రంగు కనిపిస్తే ఆ ముక్క బూట్లకు పనికిరాదు. బిడ్డ పాదానికి ఆనే అస్తరుకు నేనైతే రంగు లేని మెత్తని నూలు గుడ్డ తప్ప మరేదీ వేయను.

తడపకుండా కుట్టడం వల్ల మరో ఇబ్బంది కూడా ఉంది. తడపని నూలు గుడ్డ మొదటి ఉతుకులో నూటికి మూడు నుంచి ఐదు వంతుల దాకా కుంచించుకుపోవచ్చు. సంచికైతే అది పట్టించుకోవలసినంత కాదు, పదకొండు సెంటీమీటర్ల అడుగు ఉన్న బూటుకైతే అర సెంటీమీటరు తగ్గినట్టే, అంటే బిడ్డ వేళ్లు లోపల ముడుచుకున్నట్టే. ఆ కట్టతో పాటు "బూట్ల సామగ్రి ఉచితం" అంటూ వచ్చిన టిచ్ బటన్లు, మెరుపు పూసలు చేత్తో లాగగానే ఊడివచ్చాయి. పసిబిడ్డ గొంతులో ఇరుక్కునే వస్తువును బూటు మీద పెట్టే ప్రశ్నే లేదు కనుక వాటిని పారేశాను. మడమ దగ్గర గుడ్డ లోపల దాచి కుట్టిన సన్నని ఎలాస్టిక్ ఒక్కటే చాలు.

ఇప్పటికే మోసపోయినవారు ఏం చేయాలన్నది చెప్పాలి. సరుకులో లోపం ఉన్నప్పుడు "కోసిన గుడ్డ, తడిపిన గుడ్డ వాపసు లేదు" అనే మాటకు చట్టంలో బలం లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం లోపమున్న సరుకును బిల్లులో చెప్పిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజులలోగా వాపసు తీసుకోకపోవడమూ, బిల్లు ఇవ్వకపోవడమూ అనుచిత వ్యాపార పద్ధతులే. ఆన్‌లైన్ అమ్మకాలకు 2020లో వచ్చిన నియమాలు, ప్రకటనలో చెప్పిన లక్షణాలు లేని సరుకును వాపసు తీసుకోనని అమ్మకందారు అనరాదని స్పష్టంగా చెబుతున్నాయి. ముందు జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం నంబరు 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. అక్కడ తేలకపోతే మీరు నివసించే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయవచ్చు, అమ్మకందారు ఏ రాష్ట్రంలో ఉన్నా సరే. సరుకు విలువ ఐదు లక్షల లోపు ఉంటే రుసుము లేదు, గడువు రెండేళ్లు. ప్రకటన స్క్రీన్‌షాట్, సందేశాలు, డబ్బు పంపిన రసీదు, కట్ట మీది చీటీ, అడుగున ఉన్న ముక్కల ఫొటోలు, తడపని ముక్క ఒకటి భద్రంగా దాచండి. డబ్బు తీసుకుని సరుకే పంపకపోతే అది సైబర్ మోసం కిందికి వస్తుంది, వెంటనే సైబర్ నేరాల సహాయ నంబరు 1930కి చెప్పాలి. నేను 1915లో ఫిర్యాదు చేశాను, అది ఇంకా నడుస్తోంది, అందుకే అమ్మకందారు పేరు ఇక్కడ రాయడం లేదు.

తొట్టెలకు కావలసిన గుడ్డను చివరికి చౌటుప్పల్ మీదుగా పోచంపల్లికే వెళ్లి, నేసేవారి దుకాణంలో దారం లాగి చూసుకుని, బిల్లు రాయించుకుని తెచ్చాను. దగ్గరలో ఉన్నవారికి నేను చెప్పేది కూడా అదే. చౌటుప్పల్ దగ్గరి కొయ్యలగూడెం వైపు నూలు ఇక్కత్ మీటర్ల లెక్కన దొరుకుతుంది, సహకార సంఘాల దుకాణాల్లో చేనేత ముద్ర చీటీ ఉన్న గుడ్డ అడగవచ్చు. దూరం వల్ల ఫోన్లోనే కొనక తప్పనివారు ముందు ఒక్క ముక్క తెప్పించుకుని తడిపి చూసిన తరువాతే కట్ట అడగండి. ఇలాంటి కట్టల గుడ్డతో బూట్లు కుట్టి ఇప్పటికే ఎవరికైనా ఇచ్చి ఉంటే, మొహమాటపడకుండా ఆ తల్లికి ఫోన్ చేసి, తడి గుడ్డతో రుద్ది చూసేదాకా బిడ్డకు తొడగవద్దని చెప్పండి.