పాలో ఆల్టోలో ఆ మూల దగ్గర బండి ఆపలేదు

కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోకు వెళ్లేవారికి ముందుగానే చెబుతున్నాను: సిలికాన్ వ్యాలీ చరిత్ర చూపిస్తామని వ్యాను యాత్రలు అమ్మేవారికి డబ్బు కట్టకండి. నేను, నాన్నగారు, మా అబ్బాయి మనిషికి 95 డాలర్ల చొప్పున 285 డాలర్లు కట్టాము. ఎలక్ట్రానిక్స్ పుట్టిన చోటు చూపిస్తామని కరపత్రంలో రాసినవారు, తీరా ఆ చోటైన ఎమర్సన్ వీధి, ఛానింగ్ అవెన్యూ కలిసే మూల దగ్గర బండి ఆపకుండా పోనిచ్చి, హెచ్‌పీ కంపెనీ పెట్టిన హ్యూలెట్, పాకర్డ్‌ల గ్యారేజీ ఎదుట ఐదు నిమిషాలు నిలిపి, మిగిలిన పూటంతా కంపెనీల గేట్లు, ఒక బహుమతుల దుకాణం చూపించారు. ఆపమని అడిగితే అక్కడ చూడటానికి ఏమీ లేదని గైడు కసిరాడు. తెనాలిలో ఏళ్ల తరబడి వాల్వు (గాజు వాక్యూమ్ ట్యూబు) రేడియోలు బాగుచేసిన నాన్నగారు ఆ మాట విన్నాక సాయంత్రం దాకా ఎవరితోనూ మాట్లాడలేదు.

బస, భోజనం బాగానే కుదిరాయి. సన్నీవేల్‌లో మసాలా దోసె 16 డాలర్లు.

మర్నాడు రైలు స్టేషను నుంచి మేమే నడిచి వెళ్లాము. ఆ మూలన ఉన్నది ఒక ఫలకమే. 1909లో సిరిల్ ఎల్వెల్ స్థాపించిన ఫెడరల్ టెలిగ్రాఫ్ కంపెనీ ప్రయోగశాల అక్కడ ఉండేదని, 1911–13 మధ్య అమెరికా ఆవిష్కర్త లీ డి ఫారెస్ట్ ఇద్దరు సహాయకులతో కలిసి తొలి వాక్యూమ్ ట్యూబు ఆంప్లిఫయరును (సంకేతాన్ని పెంచేది), ఆసిలేటరును (విద్యుత్ తరంగాలు పుట్టించేది) అక్కడే రూపొందించాడని దాని మీద చెక్కారు. నాన్నగారు దాని ముందు నిలబడి మనవడికి అరగంట పాఠం చెప్పారు. 1904లో ఇంగ్లండు శాస్త్రవేత్త ఫ్లెమింగ్ చేసిన వాల్వులో ఫిలమెంటు (వేడెక్కే తీగ), ప్లేటు (లోహపు పలక) మాత్రమే ఉండేవి. అది కరెంటును ఒకవైపే పోనిచ్చేది తప్ప సంకేతానికి బలం ఇవ్వలేకపోయేది. 1906లో డి ఫారెస్ట్ ఆ రెండింటి నడుమ గ్రిడ్ అనే తీగను పెట్టాడు. ఆ ట్యూబుకే ఆడియాన్ అని పేరు వచ్చింది.

“కాలువ తూము పలకను కాస్త ఎత్తితే ఎన్ని నీళ్లు దూకుతాయో చూశావుగా నాన్నా, గ్రిడ్ పని అదే,” అన్నారు. బల్బులో కొద్దిగా వాయువు మిగలాలని డి ఫారెస్ట్ నమ్మాడని, గాలిని పూర్తిగా తీసేసి దాన్ని నమ్మదగిన పరికరంగా మార్చింది ఆ తర్వాతి పరిశోధకులు ఆర్నాల్డ్, లాంగ్‌మ్యూర్ వంటివారని కూడా చెప్పారు. 1915లో న్యూయార్క్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు మాట మోసుకొచ్చిన టెలిఫోను లైనులో పనిచేసినవి ఆ మెరుగుపడిన ట్యూబులే.

ఫిర్యాదు రాస్తే యాత్రవారు 20 డాలర్ల కూపను పంపారు, నేను తీసుకోలేదు. తిరుగు ప్రయాణం రోజున నాన్నగారు మళ్లీ ఆ మూలకే తీసుకెళ్లమన్నారు. టాక్సీకి 34 డాలర్లు అయింది. సంతోషంగా ఇచ్చాను.