పిల్లల చేత ఉత్తరం రాయించే పోటీ: తపాలా శాఖ ‘ఢాయీ ఆఖర్’ మీద ఒక తెలుగు టీచర్ రివ్యూ

పిల్లల్ని ఏదైనా రచనల పోటీకి పంపాలనుకునే టీచర్లకీ తల్లిదండ్రులకీ ముందే చెప్పేస్తున్నా, తపాలా శాఖ ఏటా పెట్టే ‘ఢాయీ ఆఖర్’ ఉత్తరాల పోటీకి పంపండి. లోపాలున్నాయి, అవి కూడా రాస్తాను. కానీ జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు చెప్పే నాకు ఇంత తక్కువ ఖర్చుతో, పిల్లలు సొంత మాటల్లో, అదీ తెలుగులో రాసి పంపగలిగే జాతీయ స్థాయి పోటీ ఇంకొకటి కనిపించలేదు. ఐదుకి నాలుగు మార్కులు వేస్తాను.

తెలియని వాళ్ళ కోసం వివరాలు. ఇది 2017లో మొదలైంది, మొదటి ఏడాది విషయం గాంధీగారికి ఉత్తరం. ఏటా ఒక విషయం ఇస్తారు. పద్దెనిమిదేళ్ళ లోపు వాళ్ళు ఒక వర్గం, పైవాళ్ళు ఇంకో వర్గం. ఇన్‌ల్యాండ్ లెటర్ (స్టాంపు అచ్చేసి ఉండే మడత కాగితం) మీద అయితే 500 పదాలు మించకూడదు, ఏ4 కాగితం మీద రాసి కవర్లో పెడితే 1000 పదాల దాకా రాయొచ్చు. చేత్తోనే రాయాలి, టైపు చేసింది పనికిరాదు. ఇంగ్లీషు, హిందీయే కాదు, మన భాషలోనూ రాయొచ్చు. బహుమతులు రాష్ట్ర స్థాయిలో (తపాలా శాఖ దాన్ని సర్కిల్ అంటుంది) 25,000, 10,000, 5,000 రూపాయలు, జాతీయ స్థాయిలో 50,000, 25,000, 10,000. ఎంట్రీ ఫీజు లేదు, ఇన్‌ల్యాండ్ లెటర్ ధర రెండున్నర రూపాయలు, అంతే.

ఈ ఫీజు లేకపోవడం గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. స్కూళ్ళకి వచ్చే ప్రైవేటు డ్రాయింగ్ పోటీలు, హ్యాండ్‌రైటింగ్ పోటీలు మీరు చూసే ఉంటారు. ఒక పాంప్లెట్, ఒక రంగుల ఫొటో, తలకి ఇంత అని ఫీజు. అలాంటిది ఒకటి మా దగ్గరికీ వచ్చింది, పేరు అనవసరం. ఫీజు కట్టిన ప్రతి పిల్లాడికీ మెడల్, సర్టిఫికెట్. బొమ్మ కూడా పిల్లలు వెయ్యక్కర్లేదు, ముందే గీతలు గీసి అచ్చేసిన కాగితం ఇస్తారు, గీత దాటకుండా రంగులు నింపితే చాలు. మిరప కోతలకి వెళ్ళే తల్లికి ఆ ఫీజు అంటే కూలి డబ్బుల్లోంచి తీసి ఇవ్వాల్సిన సొమ్ము. కట్టలేని పిల్లలు వెనక బెంచీల్లో కూర్చుని, ముందు వాళ్ళు రంగులు వేసుకుంటుంటే చూస్తున్నారు. క్లాసులో అందరికంటే బాగా బొమ్మలేసే అబ్బాయి ఆ వెనక బెంచీలోనే ఉన్నాడు! నాకు చాలా కోపం వచ్చింది, ఇప్పటికీ ఉంది. పిల్లల సృజన అని పేరుపెట్టి అసలు ఆ పిల్లాడు ఏం గీస్తాడో అడగని పోటీ ఎవరికోసం?

ఢాయీ ఆఖర్‌లో నాకు నచ్చింది సరిగ్గా ఇదే. ఖాళీ కాగితం ఇచ్చి నువ్వేం చెబుతావో చెప్పు అంటుంది.

అయితే ఖాళీ కాగితం ఇవ్వగానే పిల్లలు రాసేస్తారని అనుకోకండి. మా వాళ్ళకి ఉత్తరం అంటే పరీక్షలో వచ్చే ప్రశ్న. ‘ఉభయకుశలోపరి, ఇచ్చట మేమందరము క్షేమము, అచ్చట మీరు కూడా క్షేమమని తలుస్తాను’ అని మొదలుపెట్టి, మధ్యలో ఏదో వ్యాసం దించేసి, చివర ‘ఇట్లు మీ విధేయుడు’ అని పెడతారు. ఇంట్లో ఎవరూ అలా మాట్లాడరు కదా అంటే నవ్వుతారు. 2024లో విషయం ‘రాయడంలో ఆనందం, డిజిటల్ కాలంలో ఉత్తరాల ప్రాముఖ్యత’ అన్న అర్థంలో వచ్చింది. మొదటి విడత కాగితాలన్నీ ‘ప్రస్తుత ఆధునిక యుగంలో సెల్‌ఫోన్ వినియోగం పెరిగిపోయినది’ అనే మొదలయ్యాయి. అవన్నీ పక్కన పెట్టించి, ముందు ఎవరికి రాస్తున్నారో ఒక మనిషిని ఎంచుకోండి, ఆ మనిషికి మీరు ఫోన్లో చెప్పలేనిది ఏమిటో ఆలోచించండి అన్నాను. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకామె కువైట్లో ఇంటిపనికి వెళ్ళిన వాళ్ళమ్మకి రాసింది. ‘వీడియో కాల్‌లో నేను ఏడిస్తే నువ్వూ ఏడుస్తావు, పక్కన మీ మేడమ్ ఉంటది, అందుకని అన్నీ బాగున్నాయనే చెప్తాను, ఈ కాగితంలో అయితే చెప్పొచ్చు’ అని ఉంది అందులో. ఆ విషయం మీద దానికంటే మంచి జవాబు నేను చదవలేదు. డిజిటల్ అన్న మాట ఎక్కడా వాడకుండానే చెప్పాల్సింది చెప్పేసింది.

2025లో ‘నా రోల్ మోడల్‌కి ఉత్తరం’ అన్నారు. ఇది పిల్లలకి దగ్గరి విషయం, కాకపోతే ముప్పాతిక మంది అబ్దుల్ కలాం గారికే రాశారు. ఆయనంటే ఇష్టం ఉండటం మంచిదే, కానీ అందరి దగ్గరా అవే వాక్యాలు, అదే రామేశ్వరం, అవే పేపర్లు వేసిన రోజులు. ఒక్క ఏడో తరగతి అబ్బాయి మాత్రం ట్రాక్టర్ మెకానిక్ అయిన వాళ్ళ మామయ్యకి రాశాడు. ఇంజిన్ విప్పకుండా శబ్దం విని ఎక్కడ పాడైందో చెప్పేస్తాడట, ఎలా అని అడిగితే ‘చెవి పెట్టాలిరా’ అంటాడట. ఆ ఉత్తరానికి బహుమతి రాలేదు. వాడు మాత్రం ఆ తర్వాత నుంచి నోట్‌బుక్ వెనక పేజీల్లో ఏదో ఒకటి రాసి తెచ్చి చూపిస్తున్నాడు.

ఇక లోపాలు. అన్నిటికంటే పెద్దది వయసుల సంగతి. పద్దెనిమిదేళ్ళ లోపు అంతా ఒకే గుంపు. ఆరో తరగతి పిల్ల రాసిన ఉత్తరమూ ఇంటర్ రెండో సంవత్సరం విద్యార్థి రాసిన ఉత్తరమూ ఒకే తక్కెట్లో పడితే చిన్నపిల్ల నెగ్గేదెలా? కనీసం రెండు భాగాలు చెయ్యాలి. ప్రపంచ తపాలా సంఘం 1971 నుంచి పెడుతున్న అంతర్జాతీయ ఉత్తరాల పోటీ 9 నుంచి 15 ఏళ్ళ వాళ్ళకే. అక్కడ విషయాలు కూడా పిల్లల్ని దృష్టిలో పెట్టుకుని ఇస్తారు. 2025లో వాళ్ళు అడిగింది, నువ్వే సముద్రానివి అనుకుని, నిన్నెందుకు, ఎలా కాపాడుకోవాలో ఎవరికైనా ఉత్తరం రాయి అని. బాపట్ల వైపు పిల్లలకో ఉప్పాడ పిల్లలకో ఇలాంటిది ఇచ్చి చూడండి, ఆపమన్నా ఆపరు. మన దగ్గర 2022లో ‘2047 నాటి భారతదేశం’, 2023లో ‘కొత్త భారతానికి డిజిటల్ ఇండియా’. విషయాలు మంచివే, కానీ ఇవి పెద్దవాళ్ళు మీటింగుల్లో మాట్లాడుకునేవి. పదకొండేళ్ళ పిల్లకి వాటి మీద సొంత అనుభవం ఏముంటుంది, యూట్యూబ్‌లో విన్నదే రాస్తుంది. పెద్దలకీ పిల్లలకీ ఒకే విషయం ఇవ్వడం మానేస్తే సగం సమస్య తీరుతుంది.

రెండోది, బహుమతులు చాలా కొద్దిమందికి. రెండు వయసు వర్గాలు, ఒక్కోదాంట్లో ఇన్‌ల్యాండ్, కవరు వేరువేరు, మొత్తం నాలుగు విభాగాలు, ఒక్కోదాంట్లో ముగ్గురు, అంటే రాష్ట్రం మొత్తానికి పన్నెండు. డబ్బు పెంచమని నేను అడగను. ప్రతి హెడ్ పోస్టాఫీసులో ఆ ప్రాంతం పిల్లల ఉత్తరాలు ఓ పదో పదిహేనో గోడకి పెడితే చాలు, పింఛను కోసం, పార్సిల్ కోసం వచ్చినవాళ్ళు నిలబడి చదువుతారు. మేం స్కూల్లో చేసింది అదే, నవంబరు 14న వరండాలో తాడు కట్టి అందరి ఉత్తరాల జిరాక్సులూ క్లిప్పులతో తగిలించాం, ర్యాంకులు లేవు. చదువురాని ఒక తల్లి తన కూతురి ఉత్తరం పక్క పిల్ల చేత చదివించుకుంది, రెండుసార్లు.

ఇంకో కోరిక, బొమ్మలకీ చోటు కావాలి. 1949లో కార్టూనిస్టు శంకర్ ఢిల్లీలో మొదలుపెట్టిన పిల్లల పోటీల్లో బొమ్మలూ రచనలూ రెండూ ఉన్నాయి. తపాలా శాఖ కూడా బాలల దినోత్సవానికి పిల్లల బొమ్మలతో స్టాంపులు వేసిందే కదా. ఇన్‌ల్యాండ్ మీద ఒక వైపు బొమ్మ, ఒక వైపు ఉత్తరం అని ఒక విభాగం పెడితే, రాయడానికి భయపడి బొమ్మలతో మాట్లాడే పిల్లలు కూడా వస్తారు. మా వెనక బెంచీ అబ్బాయి లాంటి వాళ్ళు.

పంపేవాళ్ళకి నాకు తెలిసిన నాలుగు మాటలు. చిన్న తరగతులకి ఇన్‌ల్యాండే మంచిది. నియమం ప్రకారం 500 పదాలు రాయొచ్చు గానీ, ఆరో తరగతి పిల్లల గుండ్రటి పెద్ద అక్షరాలకి నూట యాభై, రెండొందల పదాలకే కాగితం నిండిపోతుంది. అందుకని ముందు రఫ్ కాగితం మీద రాయించి, అక్షర దోషాలు వాళ్ళ చేతే దిద్దించండి. వాక్యాలు మాత్రం మార్చకండి, ‘మేడమ్ ఉంటది’ని ‘ఉంటుంది’ చెయ్యాలని నాకూ చెయ్యి దురదపెట్టింది, చెయ్యలేదు. వయసు పద్దెనిమిది లోపేనని ఉత్తరం మీదే ధ్రువీకరణ రాయాలి, అది లేకపోతే కష్టపడి రాసిందంతా వృథా. చిరునామా మన సర్కిల్ చీఫ్ పోస్ట్‌మాస్టర్ జనరల్‌కి, ఆంధ్రాకి విజయవాడ, తెలంగాణకి హైదరాబాద్. ఇన్‌ల్యాండ్‌లు క్లాసంతటికీ ఒకేసారి కావాలంటే ఊళ్ళో పోస్ట్‌మ్యాన్‌కి వారం ముందే చెప్పిపెట్టుకోండి. ఉత్తరం డబ్బాలో వేసే ముందు ఫోన్లో ఫొటో తీసుకోండి, వెళ్ళింది తిరిగి రాదు. 2024లో, 2025లో ప్రకటన సెప్టెంబరులో వచ్చింది, గడువు డిసెంబరు దాకా ఇచ్చారు. దసరా సెలవుల ముందే మొదలుపెడితే హడావిడి, టెన్షన్ లేకుండా అయిపోతుంది.