డీ అండ్ డీలో జంతువుల్ని పిలిచే స్పెల్‌లు: మూడు రకాల రూల్స్‌తోనూ ఆడాక

బల్ల చుట్టూ కూర్చుని పాచికలు విసురుతూ ఆడే పాత్రల ఆట డన్జన్స్ అండ్ డ్రాగన్స్ (డీ అండ్ డీ) ఫిఫ్త్ ఎడిషన్‌లో స్పెల్‌తో, అంటే మంత్రంతో, జంతువుల్ని పిలవడానికి ఇప్పుడు మూడు దారులున్నాయి. 2014 ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌లోని పాత కంజ్యూర్ యానిమల్స్, 2020లో టాషాస్ కాల్డ్రన్ అనే అదనపు పుస్తకంలో వచ్చిన సమన్ బీస్ట్, 2024 హ్యాండ్‌బుక్‌లో పేరు అలాగే ఉంచి మొత్తం తిరగరాసిన కంజ్యూర్ యానిమల్స్. మూడింటితోనూ క్యాంపెయిన్‌లు నడిచాక మా టేబుల్ రెండోదాని దగ్గరే ఆగింది. అది బలమైనదని కాదు. బలం చూస్తే పాతదాని దరిదాపుల్లోకి కూడా రాదు.

పాతదాని లెక్క చూడండి. 3వ లెవెల్ స్లాట్ (స్పెల్ వేయడానికి ఉండే పరిమిత అవకాశం) ఒకటి ఖర్చుపెడితే ఎనిమిది తోడేళ్లు. ఒక్కోదానికి కాటు +4 (గురి పాచికకి కలిపేది), దెబ్బ 2డీ4+2 (నాలుగు ముఖాల పాచికలు రెండు, పైన 2), అంటే సగటున 7. శత్రువు పక్కన ఇంకో తోడేలు ఉంటే చాలు, ప్యాక్ ట్యాక్టిక్స్ అనే గుణం వల్ల అడ్వాంటేజ్, అంటే రెండు పాచికలు విసిరి పెద్దది తీసుకోవడం. ఆర్మర్ క్లాస్ (దాడి తగలాలంటే చేరాల్సిన అంకె) 15 మీద నాలుగు కాట్లలో మూడు తగులుతాయి. క్రిటికల్స్ (20 పడితే దెబ్బ పాచికలు రెట్టింపు) కూడా కలిపితే రౌండుకి 46 దాకా వస్తుంది. అదే స్లాట్‌తో వేసే ఫైర్‌బాల్ సగటు 28, అదీ ఒక్క రౌండే. తోడేళ్లు కాన్సంట్రేషన్ (స్పెల్ వేసినవాడి ఏకాగ్రత) నిలిచినంత కాలం, గంట వరకూ ఉంటాయి.

ఆ 46 రాబట్టడానికి రౌండుకి 16 డీ20లు (ఇరవై ముఖాల పాచికలు) విసరాలి. తర్వాత దెబ్బల పాచికలు. తగిలిన ప్రతి కాటుకీ శత్రువు డీసీ 11 స్ట్రెంగ్త్ సేవ్ (తట్టుకోవడానికి విసిరే పాచిక, 11 రాకపోతే కింద పడతాడు). ఒక శత్రువు చుట్టూ ఎనిమిది గళ్లే ఉంటాయి కాబట్టి తోడేళ్లు చుట్టుముట్టాక ఫైటర్‌కి నిలబడే చోటే ఉండదు. పది అడుగుల వెడల్పున్న సొరంగంలోనైతే సగం తోడేళ్లు వెనకాల ఖాళీగా నిలబడతాయి. మిగతా ఆటగాళ్లు ఫోన్లు తీసేది సరిగ్గా ఇక్కడే.

పాత రూల్‌తోనే ఆడతామంటే: తోడేలుకో రంగు, రంగుకి రెండు చొప్పున డీ20లు పెట్టుకుని అన్నీ ఒకేసారి విసరండి, దెబ్బ 7 అని ఖాయం చేసుకోండి, శత్రువు ఒకసారి కింద పడ్డాక ఇక సేవ్‌లు అడగకండి. సగం సమయం మిగులుతుంది.

తగాదా పెట్టే సంగతి ఇంకోటుంది. ఒకటా, రెండా, నాలుగా, ఎనిమిదా అన్న సంఖ్య ఆటగాడి ఇష్టం. ఏ జంతువులు వస్తాయన్నది డీఎం (ఆట నడిపేవాడు) ఇష్టం. రూల్స్ రాసినవాళ్లే సేజ్ అడ్వైస్ అనే ప్రశ్నోత్తరాల్లో ఈ మాట స్పష్టం చేశారు. తోడేళ్లు వస్తాయని ప్లాన్ వేసుకున్నవాడికి ఎనిమిది ఎల్క్‌లు రావచ్చు, వాటి చాలెంజ్ రేటింగ్ (ప్రాణి ఎంత ప్రమాదమో చెప్పే అంకె) కూడా 1/4 మరి. అడవి మాయప్రాణుల్ని పిలిచే కంజ్యూర్ వుడ్‌లాండ్ బీయింగ్స్ స్పెల్‌లో పరిస్థితి ఇంకా ఘోరం: ఎనిమిది పిక్సీలొస్తే ఎనిమిది పాలిమార్ఫ్‌లు (ఎవరినైనా జంతువుగా మార్చే స్పెల్) వచ్చినట్టే. ఏది కుదురుతుందో, ఏది కుదరదో మొదటి సెషన్‌కి ముందే మాట్లాడుకోవాలి.

సమన్ బీస్ట్‌లో ఈ గొడవ లేదు. 2వ లెవెల్ స్పెల్. వచ్చేది ఒక్కటే, దాని అంకెలన్నీ స్పెల్ కిందే ఉంటాయి. నేల, నీరు, గాలి రూపాల్లో ఏదన్నది ఆటగాడే ఎంచుకుంటాడు. ఆర్మర్ క్లాస్ 11కి స్లాట్ లెవెల్ కలపాలి. నేల రూపానికి 30 హిట్ పాయింట్లు (ప్రాణం లెక్క), పై స్లాట్‌కి ఒక్కోదానికి 5 చొప్పున ఎక్కువ. మీ టర్న్ అవగానే దాని టర్న్. ఏ ఆజ్ఞా ఇవ్వకపోతే డాడ్జ్ చేస్తూ తప్పించుకు తిరుగుతుంది. పాత రూల్‌లో ఆజ్ఞ లేని జంతువులు తమను తాము కాపాడుకుంటాయని మాత్రమే ఉంది, అంటే ఏం చేస్తాయో ప్రతిసారీ వాదనే.

స్లాట్ విషయంలో జాగ్రత్త. దాడుల సంఖ్య స్లాట్ లెవెల్‌లో సగం, భిన్నం వస్తే కిందికి. 3వ లెవెల్ స్లాట్‌లో వేస్తే దాడి ఒక్కటే, రౌండుకి పది పదకొండు. 4వ లెవెల్‌లో రెండు దాడులు, ఒక్కోటి 1డీ8+8, ఆర్మర్ క్లాస్ 15, హిట్ పాయింట్లు 40. కాబట్టి 2, 4, 6లోనే వేయండి. రోగ్ ఉన్న పార్టీలో నేల రూపం శత్రువు పక్కన నిలబడితే చాలు, రోగ్‌కి స్నీక్ అటాక్ (అదనపు దెబ్బ) దొరుకుతుంది. కావలసిన వస్తువు 200 బంగారు నాణేల విలువైన బంగారు పూత ఓక్ కాయ. వాడితే ఖర్చవదు గానీ 3వ లెవెల్ డ్రూయిడ్‌కి (ప్రకృతి మంత్రగాడికి) అది చిన్న మొత్తం కాదు.

2024 రూపంలో జంతువులే లేవు. ఒక మంద ఆకారం కదులుతుంది, పది అడుగుల లోపల చిక్కినవాళ్లు డెక్స్టెరిటీ సేవ్ తప్పితే 3డీ10. మంద దెబ్బ తినదు, బరువు మోయదు, ముందెళ్లి దారి చూసి రాదు. సేవ్ టర్న్‌కి ఒకసారే. అయితే స్నేహితుడు తన టర్న్‌లో శత్రువుని మంద దగ్గరికి నెడితే మళ్లీ సేవ్ పడుతుంది. స్పెల్‌గా బాగుంది, పిలిచిన సరదా మాత్రం పోయింది.

చిక్కల్లా జంతువుల్ని పిలవడంలో దిట్టైన సర్కిల్ ఆఫ్ ద షెపర్డ్ డ్రూయిడ్‌తోనే. 6వ లెవెల్‌లో వచ్చే మైటీ సమనర్ ఫీచర్ పిలిచిన జంతువుకున్న ప్రతి హిట్ డైస్‌కీ (ప్రాణం లెక్కించే పాచిక) 2 హిట్ పాయింట్లు ఇస్తుంది. మామూలుగా 11 ఉన్న తోడేలుకి 15 వస్తాయి. ఫైర్‌బాల్‌కి సేవ్ చేసుకుంటే పడే సగటు దెబ్బ 14, అంటే అదే చావుకీ బతుక్కీ తేడా. సమన్ బీస్ట్ జంతువుకి హిట్ డైస్ రాసి లేదు, 2024 మందకి అసలు హిట్ పాయింట్లే లేవు, రెండింటిలోనూ ఆ ఫీచర్‌లోని ఈ భాగం వృథా. అందుకే షెపర్డ్ ఉంటే పాత స్పెల్‌నే వాడనిస్తాం, నాలుగు జంతువులకి మించకుండా. రౌండుకి ఎనిమిది డీ20లు, 23 దెబ్బ.