ఈఎమ్‌మీన్స్ ప్యాకేజీ: పోలికలకు భేష్, వెయిట్ల దగ్గర జాగ్రత్త

లాజిస్టిక్ రిగ్రెషన్‌లో (అవునా కాదా అనే ఫలితాన్ని అంచనా వేసే పద్ధతి) నాలుగైదు గ్రూపులున్న వేరియబుల్ పెట్టి, ఆర్ (R) అనే గణాంకాల సాఫ్ట్‌వేర్ ఇచ్చే సమ్మరీ టేబుల్ ఒక్కటే చూసి రిపోర్టు రాస్తే చాలా పోలికలు కనబడకుండా పోతాయి. వాటిని బయటికి తీసేది ఈఎమ్‌మీన్స్ (emmeans) అనే ఈ ఉచిత ఆర్ ప్యాకేజీ.

ఆర్‌తో పాటే వచ్చే టైటానిక్ డేటా తీసుకోండి. దాన్ని డేటా ఫ్రేమ్‌గా మారిస్తే 32 వరుసలొస్తాయి. బతికారా లేదా అన్నదాన్ని క్లాసుతో అంచనా వేసేటప్పుడు, మనుషుల సంఖ్య ఉన్న ఫ్రీక్ (Freq) కాలమ్‌ని మోడల్ నడిపే జీఎల్ఎమ్ (glm) ఫంక్షన్‌కి వెయిట్స్‌గా ఇవ్వాలి. మరిచిపోతే కోఎఫిషియెంట్లు (గ్రూపుల మధ్య తేడా చెప్పే అంకెలు) అన్నీ సున్నాలే, ఎందుకంటే వరుసల్లో సగం బతికినవాళ్లవి, సగం చనిపోయినవాళ్లవి.

ఫస్ట్ క్లాసు 325 మందిలో 203 మంది బతికారు. థర్డ్‌లో 706కి 178, సిబ్బందిలో 885కి 212. ఫస్ట్ క్లాసు రిఫరెన్స్ (మిగతావాటిని పోల్చే గ్రూపు) కాబట్టి థర్డ్ కోఎఫిషియెంట్ లాగ్ స్కేలులో మైనస్ 1.60, అంటే ఆడ్స్ (బతికినవాళ్లను చనిపోయినవాళ్లతో భాగిస్తే వచ్చేది) రేషియో 0.20. దీన్ని "బతికే అవకాశం ఐదో వంతు" అని రాసేవాళ్లు ఎందరో! అది తప్పు. ఐదో వంతుకు పడింది ఆడ్స్: 203/122 ఎక్కడ, 178/528 ఎక్కడ. శాతాల్లో 62.5, 25.2. అంటే ఐదింట రెండు వంతులు. టైప్‌ని రెస్పాన్స్ అని పెడితే ఈఎమ్‌మీన్స్ ఈ సంభావ్యతలనే నేరుగా చూపిస్తుంది, ఆ తప్పుకి తావుండదు.

దీని అసలు బలం పెయిర్స్ (pairs) అనే ఫంక్షన్. సమ్మరీలో థర్డ్‌కీ సిబ్బందికీ చెరో మూడు నక్షత్రాలు (***, గట్టి తేడా ఉందన్న గుర్తు) పడతాయి, కానీ ఆ రెండూ ఫస్ట్ క్లాసుతో పోలికలే. పెయిర్స్ ఆరు జతలనూ చూపిస్తుంది: థర్డ్, సిబ్బంది మధ్య ఆడ్స్ రేషియో 1.07, చెప్పుకోదగ్గ తేడా లేదు. రీలెవెల్ చేసి, అంటే రిఫరెన్స్ గ్రూపుని మార్చి, మోడల్ మళ్లీ నడపక్కర్లేదు. పి విలువలకు టూకీ సవరణ (ఒకేసారి చాలా పోలికలు చేస్తున్నందుకు చేసేది) దానంతటదే జరుగుతుంది. శాతాల్లో తేడా కావాలంటే మాత్రం ముందు రీగ్రిడ్ చేయాలి (అంచనాలను సంభావ్యతల్లోకి మార్చాలి), లేకపోతే వచ్చేది ఆడ్స్ రేషియోనే.

ఇబ్బందల్లా సగటు తీసేటప్పుడు ఈఎమ్‌మీన్స్ వాడే డిఫాల్ట్ వెయిట్లతోనే (ఇవి పైన చెప్పిన ఫ్రీక్ వెయిట్లు కావు). మోడల్లో సెక్స్ కూడా చేర్చి క్లాసుల సగటు అడిగితే ఆడా మగా సమానమన్నట్టు లెక్కేస్తుంది. సిబ్బందిలో ఆడవాళ్లు 23 మందే! అయినా 24 శాతం బతికిన సిబ్బందికి దాదాపు 50 చూపిస్తుంది. వెయిట్స్‌ని ప్రపోర్షనల్ అంటే మొత్తం ఓడలోని నిష్పత్తితో 33 దాకా దిగుతుంది, సెల్స్ అంటే సిబ్బందిలోని సొంత నిష్పత్తితో 24 దగ్గరికి వస్తుంది. మూడూ వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. ఏది వాడారో రిపోర్టులో రాయడం తప్పనిసరి.

క్లాసుకీ వయసుకీ ఇంటరాక్షన్ పెడితే (క్లాసు ప్రభావం వయసును బట్టి మారనిస్తే) మాత్రం ఈ ప్యాకేజీ కాపాడలేదు. ఫస్ట్, సెకండ్ క్లాసు పిల్లలు 30 మందీ బతికారు, అందుకే స్టాండర్డ్ ఎర్రర్ (అంచనాలోని అనిశ్చితి) వందల్లోకి పోతుంది. సిబ్బందిలో పిల్లలే లేరు, అక్కడ నాన్‌ఎస్ట్ (nonEst, అంచనా వేయలేం) అని నిజాయితీగా చెబుతుంది. మొదటి చిక్కుకి లాజిస్ట్‌ఎఫ్ (logistf) ప్యాకేజీలోని, అంచనాలు హద్దు దాటకుండా ఆపే ఫర్త్ పద్ధతి వాడండి.