మస్కట్‌లో టీచరుకు రెండు రోజుల సెలవు: వాదీ షాబ్ మేలా, మిస్ఫా మేలా?

పోయిన ఆదివారం పాకాల చెరువు కట్ట మీద కూర్చున్నాం. మా అక్క బిడ్డకు ఒమన్ రాజధాని మస్కట్‌లో ఒక బడిలో ఇంగ్లిష్ టీచర్ ఉద్యోగం వచ్చింది. అక్కడి ఇండియన్ బడుల్లో ఏప్రిల్‌లో కొత్త తరగతులు మొదలవుతాయి, మార్చి ఆఖరుకల్లా పోవాలి. వీసా, సామాను, జీతం అన్నీ మాట్లాడుకున్నాక అడిగింది: "చిన్నమ్మా, శుక్రవారం, శనివారం సెలవంటున్నరు కదా. ఆ రెండు రోజులు ఎటు పోవాలె?"

నేను ఆ దేశంలో ఆరేళ్లు లెక్కలు చెప్పి హన్మకొండకు తిరిగొచ్చాను. మా వైపు నుంచి గల్ఫ్‌కు కూలి పనికి పోయినవాళ్లకు దొరికేది శుక్రవారం ఒక్కటే, అది బట్టలు ఉతుక్కోవడానికి, ఇంటికి ఫోన్ చేయడానికే సరిపోతుంది. టీచర్లకు రెండు రోజులు దొరుకుతాయి. ఆ రెండు రోజులను ఎట్లా వాడుకోవాలో తెలియడానికి నాకు మూడేళ్లు పట్టింది. ఈ పిల్లకు అంత కాలం పట్టకూడదని నా ఆశ.

ముందు ఆమెను ఒకటే అడిగాను: నీకు లక్నవరం ఇష్టమా, పాకాల ఇష్టమా? లక్నవరం పోతే వేలాడే వంతెన ఎక్కుతాం, పడవ ఎక్కుతాం, దీవి మీదికి పోతాం, ఫొటోలు దిగుతాం. పాకాలకు వస్తే కట్ట మీద కూర్చుంటాం, అంతే. రెండూ కాకతీయుల కాలం నాటి చెరువులే, రెండింటి చుట్టూ అడవే. కానీ ఒకచోట తిరుగుతాం, ఇంకోచోట ఆగుతాం. మస్కట్ నుంచి వారాంతానికి పోయే చోట్లలోనూ ఇదే తేడా ఉంది.

వాదీ షాబ్ లక్నవరం లాంటిది. మస్కట్ నుంచి సూర్ పోయే సముద్రపు దారిలో, తీవీ ఊరి దగ్గర ఉంటుంది. కారులో గంటన్నర. దారిలోనే బిమ్మా గుంత చూడొచ్చు, నేల కుంగి ఏర్పడ్డ పెద్ద గొయ్యి, అడుగున ఆకుపచ్చటి నీళ్లు. వాదీ అంటే కొండల మధ్య వాగు. హైవే వంతెన కింద కారు ఆపి, చిన్న పడవలో అవతలి గట్టుకు దాటాలి. నేనున్నప్పుడు పోనూ రానూ ఒక రియాల్ తీసుకునేవాళ్లు. అక్కడి నుంచి బండల మీద ముప్పావు గంట నడక. ఆ తర్వాత నీటి మడుగులు ఒకదాని వెనుక ఒకటి వస్తాయి. చివరి మడుగులో రెండు బండల మధ్య తల మాత్రమే పట్టే సందు ఉంటుంది. అందులోంచి ఈదుకుంటూ పోతే లోపల గుహ, గుహలో జలపాతం. ఆ సందులోంచి లోపలికి పోయి తలెత్తి చూసిన క్షణం నాకు ఇప్పటికీ గుర్తుంది. పైనుంచి వెలుగు పడుతుంటే నీళ్లు నీలంగా మెరుస్తాయి. జీవితంలో ఒక్కసారైనా చూడాల్సిన చోటు, అందులో అనుమానం లేదు.

కానీ అది విశ్రాంతి కాదు. ఈత రాకపోతే సగం దారిలోనే కూర్చోవాలి. సెలవు రోజుల్లో మనుషులు బండల మీద వరుస కట్టి నడుస్తారు, పిల్లల అరుపులు కొండలకు తగిలి తిరిగొస్తాయి. వారమంతా తరగతిలో అరుపులు విన్న చెవులకు మళ్లీ అవే. ఒకసారి నాతో వచ్చిన సైన్స్ టీచర్ తడి బండ మీద జారింది. మోకాలు చెక్కుకుపోయింది. ఆ మోకాలితోనే ఆదివారం పొద్దున ఏడు గంటలకు ప్రార్థనలో నిలబడింది. అన్నిటికన్నా ముఖ్యంగా వాన సంగతి గుర్తు పెట్టుకోవాలి. ఎక్కడో పై కొండల్లో వాన పడితే ఇక్కడ ఎండ కాస్తుండగానే వాదీలోకి ఒక్కసారిగా వరద వస్తుంది. మన దగ్గర వాగు పొంగడం చూసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. వాన సూచన ఉన్న రోజు అటు పోనే వద్దు.

మిస్ఫా పాకాల లాంటిది. పూర్తి పేరు మిస్ఫత్ అల్ అబ్రియీన్. నిజ్వా పట్నం దాటి అల్ హమ్రా ఊరికి పోయి, అక్కడి నుంచి కొండ ఎక్కాలి. మస్కట్ నుంచి రెండున్నర గంటలు పడుతుంది. తారు రోడ్డే, మామూలు కారు పోతుంది. కొండ అంచున రాతి మీద రాయి పేర్చి, మట్టి పూసి కట్టిన ఇళ్లు. వాటి కింద మెట్లు మెట్లుగా ఖర్జూర తోటలు. పాత ఇళ్లు కొన్నింటిని అతిథులకు గదులుగా మార్చారు. అక్కడ చేయడానికి ఏ పనీ లేదు. నాకు నచ్చింది అదే.

ఊరి నడుమ ఫలజ్ పారుతుంది. ఫలజ్ అంటే కొండ ఊటనో, భూగర్భ జలాన్నో మోటారు లేకుండా వాలు మీదుగానే ఊళ్లోకి, తోటల్లోకి తెచ్చే కాలువ. ఒమన్‌లో ఇప్పటికీ దాదాపు 3,000 ఫలజ్‌లు పారుతున్నాయి. వాటిలో ఐదింటిని యునెస్కో 2006లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. నిజ్వాలోని ఫలజ్ దారిస్ వాటిలో ఒకటి. నీళ్లు పంచే పెద్దను వకీల్ అంటారు. మన ఊళ్లలో చెరువు నీళ్లు పంచే నీరటి లాగే అన్నమాట. ఎవరి వంతు ఎంతసేపో పాత రోజుల్లో పగలు నీడను బట్టి, రాత్రి చుక్కలను బట్టి లెక్కపెట్టేవాళ్లు.

నేను మొదటిసారి పోయినప్పుడు ఆ కాలువ గట్టు మీద కూర్చున్నాను. జానెడు లోతు నీళ్లు. కాళ్లు పెట్టగానే వేలెడంత చేపలు వచ్చి మడమలను కొరకడం మొదలుపెట్టాయి. తెల్ల దిష్‌దాషా, అంటే మడమల దాకా ఉండే పొడవాటి అంగీ, తొడుక్కున్న ఒక తాత వచ్చి, కాలువ నోటికి అడ్డంగా ఉన్న రాయిని తీశాడు. దాని చుట్టూ పాత గుడ్డ చుట్టి ఉంది, సందుల్లోంచి నీళ్లు కారకుండా. తీసిన రాయిని పక్క కాలువ నోట్లో పెట్టాడు. నీళ్లు మలుపు తిరిగి కింది తోటలోకి పోయాయి. మా నాన్న పొలంలో పారతో మడవ కట్టి నీళ్లు మళ్లించేవాడు. సరిగ్గా అదే చప్పుడు. ఇల్లు వదిలి రెండేళ్లయింది అప్పటికి. గంటసేపు అక్కడి నుంచి లేవలేదు. ఆ ఆదివారం బడికి పోయినప్పుడు గొంతు బొంగురు లేదు, మనసులో టెన్షన్ లేదు.

పరాయి దేశంలో టీచరుకు అలసట నడకతో రాదు. రోజూ ఆరు పీరియడ్లు మాట్లాడటంతో వస్తుంది, మన తెలుగు మాట వినపడకపోవడంతో వస్తుంది. అందుకే మాట్లాడక్కర్లేని చోటు, మన ఊరు కొంచెమైనా కనపడే చోటు మేలు అంటాను. నా ఓటు మిస్ఫాకే.

మరి జబల్ అఖ్దర్ కొండల సంగతేంటని తోటి టీచర్లు అడుగుతారు. మంచి చోటే. అక్కడి సైక్ పీఠభూమి దాదాపు 2,000 మీటర్ల ఎత్తులో ఉంటుంది, మస్కట్ 40 డిగ్రీలు దాటి ఉడికిపోతున్నప్పుడు పైన చల్లగాలి. ఏప్రిల్‌లో గులాబీలు పూస్తాయి, ఇళ్లలో పన్నీరు తీస్తారు. అయితే కొండ కింద ఉన్న బిర్కత్ అల్ మౌజ్ ఊరు దాటాక పోలీసు చెక్‌పోస్టులో ఫోర్ వీల్ డ్రైవ్ బండి ఉంటేనే పైకి పోనిస్తారు. కొత్తగా పోయిన టీచరుకు అది ఖర్చే. నలుగురు కలిసి బండి అద్దెకు తీసుకుంటే సరిపోతుంది, ఎండాకాలంలో మిస్ఫా కన్నా అదే నయం. ఇసుక ఎడారి క్యాంపులకు ఒక్కసారి పోతే చాలు. దిబ్బల మీద బండ్లు ఎగరేయడం, ఒంటె సవారీ, పాటలు, భోజనం అంతా టైం ప్రకారం నడుస్తుంది. బడి గంట కొట్టినట్టే.

వీలైతే శుక్రవారం పొద్దున్నే బయల్దేరి నిజ్వాలో పశువుల అంగడి చూసుకుని పోవాలి. మేకలను తాడుతో పట్టుకుని వలయంగా తిప్పుతుంటే, చుట్టూ కూర్చున్నవాళ్లు ఆపి బేరం చేస్తారు. మధ్యాహ్నం నమాజు వేళకు దుకాణాలు మూస్తారు కాబట్టి తినడానికి ముందే ఏదైనా కొనిపెట్టుకోవాలి. మిస్ఫాలో భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు వేసుకోవాలి, అది జనం కాపురముంటున్న ఊరు. దిద్దాల్సిన పేపర్ల కట్ట మాత్రం గదిలోనే పెట్టి పోవాలి. నేను రెండుసార్లు వెంట తీసుకుపోయి ఏడ్చాను.

ఇదంతా చెప్పేసరికి పొద్దు గూకింది. అక్క బిడ్డ ఫోన్‌లో మిస్ఫా అని రాసుకుని, "చిన్నమ్మా, ఆ కాలువల నేను కూడ కాళ్లు పెట్టొచ్చునా? ఏమనరా?" అంది.

పెట్టొచ్చు. కాకపోతే ఫలజ్ మొదట వచ్చే చోట తాగే నీళ్లు ముంచుకుంటారు, ఆ తర్వాత మసీదు, ఆ కింద స్నానాలు, ఆఖరుకు తోటలు. అందుకని మెట్లు దిగి తోటల దాకా పోయి, అక్కడ పెట్టమన్నాను.