నెట్‌హ్యాక్: చంపుతుంది, కానీ అన్యాయం చెయ్యదు

నెట్‌హ్యాక్ అనే కంప్యూటర్ ఆట తెరవగానే కనబడేది నల్లటి తెర, దాని మీద చుక్కలు, గీతలు, ఇంగ్లిష్ అక్షరాలు. చుక్క అంటే నేల. గీతలు గోడలు. @ గుర్తు మీరు. మీ వెంట తిరిగే చిన్న డి మీ కుక్కపిల్ల. పెద్ద డి కనబడితే అది డ్రాగన్. బొమ్మలతో ఆడే ఏర్పాటు కూడా ఉంది, మొదట్లో నేను దానితోనే ఆడాను. ఇప్పుడు అక్షరాలుంటేనే కంటికి హాయిగా ఉంటుంది, తెరంతా ఒక్క చూపులో చదవొచ్చు. చాలా ఏళ్లుగా ఆడుతున్నాను. ఈలోగా షాపులో కంప్యూటర్లు మారాయి, విండోస్ మారింది, ఈ ఆట మాత్రం ప్రతి కొత్త మిషన్‌లోకీ నాతోపాటు వచ్చింది. కొద్ది ఎంబీల ఆట. ఎంత పాత కంప్యూటర్‌లోనైనా నడుస్తుంది. ఉచితం. నెట్ అక్కర్లేదు.

పర్లాకిమిడిలో నాది జెరాక్స్, డీటీపీ షాపు. ఒడియా ఫారాలు, తెలుగు పెళ్లిపత్రికలు, ఆన్‌లైన్ దరఖాస్తులు, అన్నీ చేస్తాం. పొద్దున్న కాశీనగర్ వైపు నుంచి, మహేంద్రతనయ దాటి పాతపట్నం వైపు నుంచి జనం దిగే వేళకి ఊపిరి సలపదు. మధ్యాహ్నం ఎండ ముదిరాక మనిషి రాడు. వచ్చినా ఎప్పుడు వస్తాడో తెలీదు. ఇలాంటి పనిలో ఉన్నవాళ్లకి పరుగులు పెట్టించే ఆటలు కుదరవు. నెట్‌హ్యాక్‌లో మీరు మీట నొక్కేదాకా ఆ లోకం కదలదు. నాలుగు పక్కలా సైనిక చీమలు చుట్టుముట్టాయనుకోండి. లేచి వెళ్లి ఎవరిదో పట్టా పాసుపుస్తకం జెరాక్స్ తీసి, డబ్బులు పుచ్చుకుని, చిల్లర ఇచ్చి వచ్చి కూర్చుంటే చీమలు అక్కడే ఉంటాయి. ఈ ఆటలో నా మంచి ఎత్తులు చాలా వరకు జెరాక్స్ మిషన్ పక్కన నిలబడి ఉండగా తట్టినవే.

దీన్ని ఏ కంపెనీ తయారు చెయ్యలేదు. 1980 ప్రాంతంలో అమెరికాలో యూనివర్సిటీ విద్యార్థులు రోగ్ అనే ఆట రాశారు. దాన్ని చూసి 1982లో జే ఫెన్లాసన్ అనే హైస్కూల్ కుర్రాడు ముగ్గురు స్నేహితులతో కలిసి హ్యాక్ రాశాడు. 1984లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఉండే ఆండ్రీస్ బ్రౌవర్ దాన్ని బాగా పెంచి యూజ్‌నెట్ అనే అప్పటి కంప్యూటర్ చర్చా వేదికలో అందరికీ పంచాడు. అక్కడి నుంచి తలొకరూ తలొక రకంగా మార్చుకున్న వాటన్నిటినీ మైక్ స్టీఫెన్సన్ కలిపాడు. 1987 జులైలో నెట్‌హ్యాక్ వచ్చింది. అప్పటి నుంచి డెవ్‌టీమ్ అని పిలిచే ఒక చిన్న గుంపు జీతం లేకుండా దీన్ని చూసుకుంటోంది. ప్రోగ్రాం చాలా వరకు సి భాషలో ఉంది, ఎవరైనా తెరిచి చదువుకోవచ్చు. 2003 డిసెంబరులో 3.4.3 వెర్షన్ వచ్చాక తర్వాతి పెద్ద విడుదల 3.6.0 రావడానికి 2015 డిసెంబరు దాకా, అంటే 12 ఏళ్లు పట్టింది. ఆ 12 ఏళ్లూ జనం అదే 3.4.3 ఆడుతూనే ఉన్నారు. అందులో నేనూ ఉన్నాను.

కథ చిన్నది. నేలమాళిగలోకి దిగాలి, అడుగున ఉన్న యెండోర్ తాయెత్తు తెచ్చి, పైలోకంలో మీ దేవుడి బలిపీఠం మీద సమర్పించాలి. దాదాపు 50 అంతస్తులు. ప్రతి ఆటలోనూ నేలమాళిగ కొత్తగా తయారవుతుంది. చనిపోతే ఆట అయిపోయినట్టే, మళ్లీ మొదటి అంతస్తు నుంచి మొదలుపెట్టాలి. సేవ్ చెయ్యడం అంటే ఆట ఆపి వెళ్లడం మాత్రమే. తిరిగి తెరవగానే ఆ సేవ్ ఫైలు చెరిగిపోతుంది.

ఈ మాట వినగానే చాలామంది వెనక్కి తగ్గుతారు. గంటల తరబడి పెంచుకున్న మనిషి ఒక్క ఎత్తులో పోవడం ఎవరికీ బాగుండదు. కానీ ఇన్నేళ్లలో నేను గట్టిగా చెప్పగలిగింది ఒకటుంది. ఈ ఆటలో చావుకి కారణం ఉంటుంది, ఆ కారణం వెతికితే దొరుకుతుంది, తెలుసుకున్నాక అదే జ్ఞానం ఆయుధమవుతుంది. దీనికి మంచి ఉదాహరణ తేలే కన్ను అనే జీవి. తెర మీద నీలం రంగు చిన్న ఇ. అది కొట్టదు, కరవదు, మందకొడిగా తేలుతూ ఉంటుంది అంతే. మా మేనల్లుడు ఇంటర్ సెలవులకి వచ్చినప్పుడు సమురాయ్ పాత్రతో ఆడుతూ దాన్ని కత్తితో కొట్టాడు. మరుక్షణం ఆట అయిపోయింది.

"మావయ్యా, ఇది మోసం. అది నన్ను కొట్టనే లేదు."

"అది చంపలేదురా. నువ్వు కొట్టావు, దాని చూపు తగిలి బిగుసుకుపోయావు. కదల్లేకుండా ఉన్నప్పుడు అటుగా వచ్చిన నక్క పీక్కుతింది. నీ దగ్గర విల్లుంది కదా, దూరం నుంచి వెయ్యలేకపోయావా?"

వాడు తర్వాతి ఆటలో బాణాలతో దాన్ని పడగొట్టి, శవాన్ని తిన్నాడు. తేలే కన్ను మాంసం తింటే టెలిపతీ, అంటే దూరంగా ఉన్న మనసుల్ని పసిగట్టే శక్తి, వస్తుంది. కళ్లకి గంతలు కట్టుకుంటే చాలు, ఆ అంతస్తులో బుద్ధి అంటూ ఉన్న ప్రతి జీవీ ఎక్కడుందో కనబడిపోతుంది. చంపిన జీవే వరమిచ్చింది. వాడి మొహం చూడాల్సింది అప్పుడు.

కాకట్రైస్ అనే జీవి సంగతి ఇంకా గొప్పది. పసుపు రంగు చిన్న సి. ఒట్టి చేత్తో ముట్టుకుంటే రాయైపోతారు. అలాగని చేతికి తొడుగులు వేసుకుని దాని శవాన్ని పట్టుకుంటే, ఎదుటివాళ్లని ఒక్క దెబ్బతో రాయి చేసే ఆయుధం మీ చేతిలో ఉన్నట్టే. అయితే ఆ శవం పట్టుకుని నడుస్తూ గోతిలో పడితే అది మీ ఒంటికి తగులుతుంది, మీరే రాయవుతారు. ఎక్కువ బరువు మోస్తూ మెట్లు దిగుతుంటే జారిపడినా అంతే. ఈ నియమాలు ఎవరూ మీకు ముందుగా చెప్పరు, కానీ వాటిలో తర్కానికి అందనిది ఒక్కటీ లేదు. "డెవ్‌టీమ్ అన్నీ ఆలోచించేసింది" అని ఆటగాళ్లలో ఒక మాట ఉంది. ఆ మాట నిజమని నాకు ప్రతి కొత్త ఆటలోనూ అనిపిస్తుంది.

దుకాణాల గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే రోజూ కౌంటర్ వెనక కూర్చునే నాకు అవి చాలా ఇష్టం. నేలమాళిగలో అక్కడక్కడా దుకాణాలుంటాయి. యజమాని గుమ్మం దగ్గర నిలబడతాడు. మీ దగ్గర గునపం ఉంటే లోపలికి రానివ్వడు, గోడ తవ్వుకుని పారిపోతారని. వస్తువు చేతిలోకి తీసుకోగానే దారికి అడ్డం నిలబడతాడు. తినే వస్తువు లోపలే కొరికితే కొన్నట్టే లెక్క. అమ్మకానికి ఉన్న మంత్రదండాన్ని అక్కడే వాడి చూస్తే వాడినందుకు రుసుము అడుగుతాడు. నేలలో కన్నం తవ్వి కిందికి దూకబోతే, దగ్గర్లో ఉన్నాడా, మీ సంచీ మొత్తం లాక్కుంటాడు. మీ కుక్కపిల్ల మాత్రం సరుకు నోట కరచుకుని బయటికి తెస్తే అడగడు. టూరిస్టు పాత్రతో హవాయి చొక్కా వేసుకుని వెళితే మూడో వంతు ఎక్కువ చెబుతాడు.

వీటన్నిటికన్నా తెలివైన విషయం ధరలు. ఈ ఆటలో మందు సీసాలకీ, స్క్రోళ్లకీ (మంత్రాలు రాసిన చుట్టలు) ప్రతిసారీ పేర్లు తారుమారవుతాయి. ఏది ఏమిటో వాడితే తప్ప తెలీదు. కానీ అసలు ధరలు మారవు. వస్తువును గుర్తుపట్టించే స్క్రోల్ అసలు ధర 20 నాణేలు. అన్నిటికన్నా చవకైనదీ, ఎక్కువగా దొరికేదీ అదే. కాబట్టి దుకాణంలోకి వెళ్లి బేరం అడిగితే చాలు, చదవకుండానే అదేమిటో చెప్పొచ్చు. ధరని బట్టి సరుకు పోల్చుకోవడం నాకు రోజూ ఉన్న పనే కాబట్టి ఈ విద్య నాకు త్వరగా పట్టుబడింది. శాపం తగిలిన వస్తువులను కనిపెట్టడానికి కూడా ఇలాంటి ఉపాయాలే ఉన్నాయి. బలిపీఠం మీద పెడితే నల్లని మెరుపు వస్తుంది. పీఠం దొరక్కపోతే పిల్లినో కుక్కనో గమనించండి. శాపమున్న వస్తువు మీద అవి అడుగు వెయ్యడానికి వెనకాడతాయి.

ఇంకొకటి మన ఇళ్లలో అందరికీ నచ్చుతుందని నా నమ్మకం. ఈ ఆట కంప్యూటర్ గడియారం చూసి చంద్రుడి కళ లెక్కగడుతుంది. పౌర్ణమి అటూ ఇటూ రోజుల్లో తెరిస్తే మీకు అదృష్టం బాగుందని చెబుతుంది, నిజంగానే అదృష్టం ఒక అంకె పెరుగుతుంది. అమావాస్యకి జాగ్రత్తగా ఉండమంటుంది. ఆ రోజుల్లో కాకట్రైస్ బుస వింటే మెల్లగా రాయైపోయే ప్రమాదం ఎక్కువ, జేబులో బల్లి శవం ఉంటే తప్ప. 13వ తేదీ శుక్రవారమైతే ప్రార్థన జోలికి పోకూడదు. షాపు గోడ మీద తెలుగు క్యాలెండరు ఉంటుంది కదా, కఠినమైన అంతస్తులోకి దిగేముందు తిథి చూసుకోవడం నాకు అలవాటైపోయింది.

ఒకే కంప్యూటర్‌లో నలుగురు ఆడితే ఆట ఇంకా బాగుంటుంది. మీరు చనిపోయిన అంతస్తు ఒక్కోసారి అలాగే దాచి పెట్టబడుతుంది. తర్వాత ఆడేవాళ్లు అక్కడికి చేరితే మీ దెయ్యం మీ పేరుతోనే తిరుగుతూ ఉంటుంది, మీ సామానంతా కింద పడి ఉంటుంది. ఎక్కువ భాగం శాపం తగిలి ఉంటుంది. మిమ్మల్ని చంపిన జీవి కూడా అక్కడే కాచుకుని ఉండొచ్చు. నా షాపులో పనిచేసిన ఒక కుర్రాడు సూరత్ వెళ్లిపోయాడు. వాడు వెళ్లిన చాలా నెలలకి ఆటలో ఒక గనిలో వాడి దెయ్యం ఎదురైంది. వాడు ఎంతో కష్టపడి సంపాదించిన కవచం నాకు దక్కింది. ఆ సాయంత్రం వాడికి ఫోన్ చేసి అరగంట మాట్లాడాను.

కరెంటు గురించి కూడా చెప్పాలి, మా వైపు అది పెద్ద విషయం. మెట్లెక్కినా దిగినా ఆట తనంతట తాను కొంత రాసిపెట్టుకుంటుంది. కరెంటు పోయి కంప్యూటర్ ఆగిపోతే, ఆటతోపాటే వచ్చే రికవర్ అనే చిన్న ప్రోగ్రాం దాన్ని వెనక్కి తెస్తుంది. చివరి అంతస్తులో చేసింది పోతుంది, మనిషి మిగులుతాడు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను మా జిల్లాని ఊపేశాక, కరెంటు వచ్చినా నెట్ సరిగ్గా లేని రోజులు గడిచాయి. దరఖాస్తుల పని ఆగిపోయింది. షాపు తెరిచి కూర్చుంటే వచ్చినవాళ్లు ఎవరింటి పైకప్పు పోయిందో, ఎవరి కొబ్బరితోట పడిపోయిందో చెప్పుకునేవారు. ఆ మధ్యలో, ఆ రోజుల టెన్షన్‌లో, ఈ ఆట నాకు నిజంగా తోడుగా ఉంది.

లోపాలున్నాయి, చిన్నవి కావు. మీటల వ్యవస్థ చాలా కష్టం. చిన్న డబ్ల్యూ నొక్కితే ఆయుధం పడతారు, పెద్ద డబ్ల్యూ నొక్కితే కవచం తొడుగుతారు. చిన్న క్యూ మందు తాగడానికి, పెద్ద క్యూ అమ్ములపొదికి. కొత్తవాళ్లకి ఇదంతా గుర్తుండదు. సందేశాలన్నీ ఇంగ్లిష్‌లో, అదీ కాస్త బరువైన ఇంగ్లిష్‌లో ఉంటాయి. ఒడియా మీడియం, తెలుగు మీడియం పిల్లలు ఇక్కడే ఆగిపోతారు. కుక్కకి పేరు తెలుగు లిపిలో పెట్టుకునే వీల్లేదు. ఆటతో వచ్చే గైడ్‌బుక్ మీటలు నేర్పుతుంది గానీ బతకడం నేర్పదు. ఎవరో ఒకరు చెబితేనో, ఎక్కడైనా చదివితేనో తప్ప చివరిదాకా చేరడం దాదాపు అసాధ్యం. ఇది నాకు నచ్చని సంగతి. అన్యాయం లేకపోవడం వేరు, దారి చూపకపోవడం వేరు.

రెండో సగం మొదటి సగమంత బాగుండదు. గనులు, వాటిలోని ఊరు, సోకోబాన్ బండలు తోసే గదులు, ఇవన్నీ రుచికరంగా ఉంటాయి. కింద గెహెన్నమ్ అనే నరకం మొదలయ్యాక ఒకదాని తర్వాత ఒకటి చిక్కుదారుల అంతస్తులే. అప్పటికి మీ పాత్ర బలపడి ఉంటుంది, భయం తగ్గుతుంది, నడక మిగులుతుంది. నేలమీద ఎల్బెరెత్ అని రాసి నిలబడితే చాలా జీవులు దగ్గరికి రావు కదా, పాత రకంలో దాని మీద నిలబడే కొట్టేవాళ్లం. 3.6లో మీరు దెబ్బ వెయ్యగానే ఆ రాత చెరిగిపోతుంది. పాతవాళ్లలో చాలామందికి ఇది కోపం తెప్పించింది. నాకైతే మార్పు సరైనదే అనిపించింది. అది దాక్కునే చోటుగా ఉండాలి గానీ కోటగా కాదు.

ఈ ఆట ఎంత లోతైనదో తెలియాలంటే ఒక సంగతి. 2020లో ఫేస్‌బుక్ పరిశోధకులు కృత్రిమ మేధకి శిక్షణ ఇవ్వడానికి దీన్నే ఎంచుకున్నారు. 2021లో పోటీ పెడితే, మనుషులు నియమాలు రాసిపెట్టిన ప్రోగ్రాంలు సొంతంగా నేర్చుకునే వాటికన్నా బాగా ఆడాయి. ఏదీ తాయెత్తు దరిదాపులకి చేరలేదు.

మొదలుపెట్టేవాళ్లు వాల్కైరీ అనే యోధురాలి పాత్ర తీసుకోండి. పదమూడు పాత్రల్లో దెబ్బలకి బాగా తట్టుకునేది ఆమే. సెట్టింగుల్లో నంబర్ ప్యాడ్ ఆన్ చేసుకుంటే అంకెలతో నడవొచ్చు. ప్రాణం ఏడో వంతుకి పడిపోతే ప్రార్థించండి, దేవుడు కాపాడతాడు. ఆ తర్వాత సుమారు వెయ్యి ఎత్తుల దాకా మళ్లీ అడగొద్దు. అన్వేషణ మోడ్ అని ఒకటుంది, అందులో చావు వద్దనుకోవచ్చు. స్కోరు లెక్కలోకి రాదు గానీ పిల్లలకి నేర్పడానికి అదే మంచిది. మీటలన్నీ తెలుగులో ఒక కాగితం మీద వేసి షాపులో పెట్టాను. పర్లాకిమిడి వైపు వచ్చినవాళ్లు అడిగితే డబ్బులు తీసుకోకుండా ఒక కాపీ ఇస్తాను.